రోజుకి ఒక్క చోటు చాలు: చిన్నపిల్లలతో హైదరాబాద్ నుంచి కూనూరు

నాలుగేళ్ళ కిందట మే నెలలో ఊటీ వెళ్ళాం. మా పెద్దదానికి అప్పుడు రెండేళ్ళు దాటాయి. రెండు రోజుల్లో ఏడు పాయింట్లు చూపిస్తానన్నాడు డ్రైవరు, అన్నట్టే చూపించాడు. పడవ ఎక్కడానికి గంటన్నర లైన్లో నిలబడితే, మా వంతు వచ్చేసరికి పిల్ల నిద్రపోయింది. బొటానికల్ గార్డెన్ దగ్గర కారు పెట్టడానికి చోటు దొరికేలోపు లేచి ఏడుపు లంకించుకుంది. ఇంటికొచ్చాక అమ్మ ఫోన్ చేసి "ఊటీలో ఏం చూశావమ్మా?" అనడిగితే "ఎర్ర బక్కెట్" అంది. హోటల్ బాత్రూంలో బక్కెట్టు అది. పొద్దున్నే వేణ్ణీళ్ళు పట్టి దాంట్లో కూర్చోబెడితే అరగంట ఆడింది. ఆ ట్రిప్ మొత్తంలో దాన్ని ఎవరూ తొందరపెట్టని అరగంట అదొక్కటే.

తర్వాత చిన్నోడు పుట్టాడు. ఈ ఫిబ్రవరిలో మేం నలుగురం, మా అత్తమ్మ కలిసి తమిళనాడు నీలగిరి కొండల్లో ఊటీకి దగ్గర్లోని కూనూరు వెళ్ళొచ్చాం. నాలుగు రాత్రులు, ఒకటే బస, రోజుకి ఒకటే చోటు. ఈసారి చూడాల్సిన చోట్ల జాబితా రాసుకోలేదు. పిల్లలు ఎప్పుడు తింటారు, ఎప్పుడు పడుకుంటారు, ఎక్కడ వాంతి చేసుకుంటారు అన్న మూడు ప్రశ్నల చుట్టూ ప్లాన్ చేశాం. ఏ వరుసలో చేశామో అదే వరుసలో రాస్తున్నాను.

1. ఊరు ఎంచుకోండి, కానీ ఫోటోలు చూసి కాదు

లెక్కేయాల్సింది ఇంటి గడప నుంచి బస గడప దాకా ఎన్ని గంటలు, అందులో ఘాట్ రోడ్డు ఎంతసేపు అని. మనకి అందుబాటులో ఉన్నవాటిలో నా లెక్క ఇదీ.

ఏడాదిన్నర లోపు చంటిపిల్ల ఉంటే అరకు వెళ్ళండి, వేరే ఆలోచన వద్దు. రాత్రి ఇక్కడ రైలెక్కితే పొద్దున విశాఖ. అక్కడి నుంచి 115 కిలోమీటర్లు. ఎత్తు 900 మీటర్ల పైచిలుకే కాబట్టి చలి మరీ కొరకదు. భాష మనదే, పప్పన్నం ఎక్కడైనా దొరుకుతుంది. విశాఖ నుంచి అరకు మీదుగా పోయే కిరండూల్ ప్యాసింజర్‌లో విస్టాడోమ్ అనే అద్దాల బోగీ ఉంటుంది. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలంతా ఒకేసారి అరుస్తారు, వాళ్ళకి అదే పండగ. వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు పెట్టుకోండి. బొర్రా గుహల్లో మెట్లు బాగా ఉంటాయి, తడిగా ఉంటాయి. నడక సరిగా రాని పిల్లలుంటే వదిలేయండి.

హార్సిలీ హిల్స్ 1,265 మీటర్లు, ప్రశాంతంగా ఉంటుంది. కానీ అది బెంగళూరు వాళ్ళకి దగ్గర, మనకి కాదు. కూర్గ్‌కి బెంగళూరులోనో మైసూరులోనో దిగి మళ్ళీ గంటల తరబడి రోడ్డు. కొడైకెనాల్ అందమైనదే, కానీ మదురైలో విమానం దిగాక ఇంకా మూడున్నర, నాలుగు గంటల దారి. స్కూలు వయసు వచ్చాక చూసుకోవచ్చు.

కూనూరు విషయానికొస్తే, హైదరాబాద్ నుంచి కోయంబత్తూరుకి నేరుగా విమానం, గంటన్నర. ఎయిర్‌పోర్టు నుంచి డెబ్భై కిలోమీటర్ల చిల్లర, పిల్లలతో ఆగుతూ వెళ్తే మూడు గంటలు. కూనూరు 1,850 మీటర్ల ఎత్తులో ఉంది, ఊటీ 2,240. కొండ కింద ఉన్న మెట్టుపాళయం నుంచి ఎక్కేటప్పుడు ముందు తగిలేది కూనూరే. ఊటీ అంటే ఇంకో 19 కిలోమీటర్లు వంకర్లు తిరగాలి, చలి కూడా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ. కారు దిగగానే పడుకోబెట్టాల్సిన పిల్లలున్నప్పుడు ఆ 19 కిలోమీటర్లు చాలా పెద్దవి. అందుకే ఇక్కడి నుంచి కూనూరు లెక్కలోనే చెప్తాను. వేరే ఊరు అనుకున్నా పద్ధతి అదే.

2. తేదీలు

పిల్లలు ఇంకా బడికి పోవడం లేదా? అయితే ఫిబ్రవరి, లేదా మార్చి మొదటి సగం. చలి విరుగుతుంది, ఎండ ఉంటుంది, జనం ఉండరు. బడి సెలవులతో కట్టేసుకోవడం మొదలయ్యాక ఈ అదృష్టం పోతుంది, ఉన్నన్నాళ్ళు వాడుకోండి.

బడి పిల్లలుంటే మూడు సెలవులు మన చేతిలో ఉంటాయి. సంక్రాంతికి చలి గట్టిగా ఉంటుంది. ఊటీ పల్లపు ప్రాంతాల్లో పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది, కూనూరులో రాత్రి పది డిగ్రీల దగ్గరికి దిగుతుంది. స్వెటర్లు సరిగా ఉంటే పర్వాలేదు. దసరా సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో పడితే బాగుంటుంది. అక్టోబర్ మూడో వారం తర్వాత పడితే కాస్త ఆలోచించండి. మనకి వానలు వెనక్కి తగ్గే సమయంలో అక్కడ ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. కూనూరు కొండకి తూర్పు వాలులో ఉంది కాబట్టి అక్టోబర్, నవంబర్ వానలు దాని మీదే పడతాయి. మట్టిపెళ్ళలు విరిగిపడి ఘాట్ రోడ్డు ఆగిపోతుంది, మెట్టుపాళయం నుంచి కూనూరు మీదుగా ఊటీకి ఎక్కే కొండ రైలు రోజుల తరబడి రద్దవుతుంది.

ఇక ఎండాకాలం. అందరూ వెళ్ళేది అప్పుడే, మేం దెబ్బ తిన్నదీ అప్పుడే. తప్పదనుకుంటే శని ఆదివారాలు కొండ మీద ఉండకండి. ఆ రెండు రోజుల్లో ప్రయాణమూ పెట్టుకోకండి, అది ఇంకా ఘోరం. సోమవారం ఎక్కి శుక్రవారం దిగిపోండి.

3. ముందు అనంతగిరిలో ఒక రాత్రి

ఈ అడుగు చాలామంది వేయరు. మేం వేసి బాగుపడ్డాం. వికారాబాద్ దగ్గర అనంతగిరి మనకి దాదాపు ఎనభై కిలోమీటర్లు. అనంత పద్మనాభస్వామి గుడి, చెట్లు, మూసీ పుట్టే చోటు. అక్కడ ఒక్క రాత్రి ఉండి రండి. కొత్త మంచం మీద పిల్లలు నిద్రపోతారా, కారులో గంటన్నర కూర్చుంటారా, ఏ సామాను తెచ్చి వాడలేదు, ఏది మర్చిపోయాం అన్నీ తేలిపోతాయి. చిన్నోడు ఇంటి దుప్పటి లేకపోతే పడుకోడని మాకు తెలిసింది అనంతగిరిలోనే, రాత్రి పదకొండున్నరకి. అదే కూనూరులో తెలిసుంటే దుప్పటి కోసం ఎక్కడికి పరిగెత్తాలి?

4. బస: ఎక్కువ డబ్బు ఇక్కడే పెట్టండి

రోజుకి ఒకే చోటు తిరుగుతారంటే మిగతా టైమంతా గదిలోనో దాని ముందున్న పచ్చికలోనో గడుస్తుంది. కాబట్టి చూడ్డానికి పెట్టే డబ్బులు తగ్గించి బసకి కలపండి. నా మాట వింటే పెద్ద హోటల్ కన్నా వంట చేసిపెట్టే హోమ్‌స్టే మేలు. ముందు నచ్చిన మూడు నాలుగు రాసుకుని, బుక్ చేసే ముందు ఫోన్ చేసి మాట్లాడండి. మెసేజ్‌లో "ఎస్ మేడమ్, ఆల్ ఫెసిలిటీస్" అంటారు, ఫోన్‌లో నిజం బయటపడుతుంది. నేను అడిగినవి ఇవి:

- కారు గుమ్మం దాకా వస్తుందా? నీలగిరుల్లో చాలా ఇళ్ళు రోడ్డుకి కిందో పైనో ఉంటాయి. నలభై మెట్లు దిగాలంటే నిద్రపోతున్న పిల్లాడిని, సూట్‌కేసుని, అత్తమ్మ మోకాళ్ళని ఒకేసారి దింపాలి.
- బాల్కనీ కటకటాల మధ్య సందు ఎంత? వీడియో పంపమనండి. పిల్ల తల దూరే సందు ఉంటే ఆ గది వద్దు.
- వేణ్ణీళ్ళు రోజంతానా, పొద్దున రెండు గంటలేనా? కరెంటు పోతే గీజర్‌కి బ్యాకప్ ఉందా?
- మంచాలు కలిపి గోడకి ఆనించుకోవచ్చా?
- రాత్రి ఏడుకల్లా పిల్లలకి అన్నం పెట్టగలరా? కొన్ని చోట్ల డిన్నర్ ఎనిమిదిన్నర దాకా మొదలవదు.
- సాయంత్రం అడవిదున్నలు ఆవరణలోకి వస్తాయా?

చివరి ప్రశ్నకి నవ్వకండి. కూనూరులో అడవిదున్నలు టీ తోటల్లోంచి ఊళ్ళోకి మామూలుగా వచ్చేస్తాయి. బర్రెలా నెమ్మదిగా కనిపిస్తాయి, కానీ దగ్గరికి పోతే ప్రమాదం. చీకటి పడ్డాక పిల్లలు గేటు బయట ఉండకూడదు, అంతే.

ఇంకొకటి, బక్కెట్టు ఉందా అని అడగండి. షవర్ మాత్రమే పెట్టి వదిలేసే బసలు ఎక్కువయ్యాయి.

5. టికెట్లు, ఈ-పాస్

విమానం తెల్లవారుజామున చవగ్గా ఉంటుంది. కొనకండి. ఐదున్నర ఫ్లైట్ అంటే పిల్లల్ని రెండున్నరకి లేపాలి. ఆ రోజంతా, బహుశా మర్నాడు కూడా, ఆ మిగిల్చిన డబ్బు మిమ్మల్ని ఏడిపిస్తుంది. పది, పదకొండు మధ్య బయలుదేరేది చూసుకోండి. రెండేళ్ళ లోపు పిల్లలు ఒళ్ళో కూర్చోవచ్చు, కానీ వయసు రుజువు అడుగుతారు. ఆధార్ గానీ పుట్టిన సర్టిఫికెట్ గానీ ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా ఉంచుకోండి. శంషాబాద్‌కి ఇంటి దగ్గర్లో పుష్పక్ బస్సు ఆగితే అదే ఎక్కండి. క్యాబ్ వాడు చివరి నిమిషంలో క్యాన్సిల్ చేస్తాడన్న టెన్షన్ ఉండదు.

విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు చెవుల్లో ఒత్తిడి వస్తుంది. మింగితే తగ్గుతుంది. పాలు తాగే పిల్లకి పాలు, పెద్దవాళ్ళకి నీళ్ళు ఆ రెండు సమయాలకీ దాచి ఉంచండి. ఎక్కగానే పట్టించేస్తే టేకాఫ్ అయ్యేలోపు సీసా ఖాళీ.

రైల్లో వెళ్ళేవాళ్ళకి సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు మీదుగా పోతుంది. ఐదేళ్ళ లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, బెర్తు ఉండదు. ఐదు నిండి పన్నెండు లోపు వాళ్ళకి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. ఆరేళ్ళ పిల్లకి బెర్తు మిగుల్చుకుందామని చూడకండి. రాత్రంతా మీరు కూర్చునే ఉంటారు.

కొండ రైలు టికెట్ విడిగా చూసుకోవాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఐఆర్‌సీటీసీలో స్టేషన్ పేరు ఊటీ అని కాక ఉదగమండలం అని వెతకండి. సీట్లు తక్కువ, సెలవుల్లో తెరిచిన పూటే అయిపోతాయి. కాబట్టి వరుస ఇది: ముందు ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బస, తర్వాత విమానం, 60వ రోజు పొద్దున కొండ రైలు.

నీలగిరులకి వెళ్ళే బయటి వాహనాలకి 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి. మద్రాస్ హైకోర్టు ఆదేశంతో పెట్టారు. ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. సొంత కారైతే మీరే తీసుకోవాలి. కోయంబత్తూరు టాక్సీ మాట్లాడుకుంటే "ఈ-పాస్ మీరు తీస్తారా, మేం తీయాలా" అని ముందు రోజే తేల్చుకోండి. చెక్‌పోస్ట్ దగ్గర ఫోన్ సిగ్నల్ కోసం తిప్పలు పడుతూ పిల్లల్ని కారులో కూర్చోబెట్టడం కన్నా అది నయం.

6. ఘాట్ రోడ్డు: అసలు పరీక్ష

మెట్టుపాళయం సముద్రమట్టానికి 325 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి 33 కిలోమీటర్లలో 1,850 మీటర్లకి ఎక్కుతాం. 14 హెయిర్‌పిన్ మలుపులు. మొదటి ట్రిప్‌లో తొమ్మిదో మలుపు దగ్గర మా పెద్దది నా చీర మీద, మా అత్తమ్మ కప్పుకున్న శాలువా మీద, ఇద్దరి మధ్యా ఉన్న చిప్స్ ప్యాకెట్‌లో వాంతి చేసుకుంది. ఆ చిప్స్ నేనే కొనిచ్చాను, ఫోన్‌లో బొమ్మలూ నేనే పెట్టాను. రెండూ తప్పే.

కడుపులో తిప్పడానికి కారణం కడుపు కాదు. చెవి లోపల ఉండే భాగం "మనం ఊగుతున్నాం" అంటుంది, ఫోన్ చూస్తున్న కళ్ళేమో "కదలడం లేదు" అంటాయి. ఆ రెంటికీ పొత్తు కుదరక వాంతి వస్తుంది. రెండేళ్ళ లోపు పిల్లలకి ఇది అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్యే ఎక్కువ. అందుకే ఈసారి మా భయమంతా పెద్దదాని గురించే, చిన్నోడి గురించి కాదు.

ఈసారి ఏం చేశామంటే:

ఘాట్ మొదలవడానికి గంటన్నర ముందు, మెట్టుపాళయం చేరకముందే ఇడ్లీలు పెట్టాం. చెరి రెండు, చట్నీ లేకుండా. ఖాళీ కడుపూ తిప్పుతుంది, నిండు కడుపూ తిప్పుతుంది. నూనె, పాలు, చాక్లెట్ అసలు వద్దు. కారు ఎక్కగానే ముందు అద్దం దగ్గర వేలాడే సెంటు డబ్బా తీసి డిక్కీలో పెట్టమన్నాం. డ్రైవరు మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ పెట్టాడు. పెద్దదాన్ని వెనక సీటు మధ్యలో, ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టాం. కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచాం. ఫోన్లు అన్నీ సంచిలోకి. మలుపుల దగ్గర అంకెల బోర్డులు ఉంటాయి, వాటిని చదివే ఉద్యోగం దానికి ఇచ్చాం. ఒక్కో బోర్డుకీ "నాలుగూ!" "ఐదూ!" అని అరిచింది. రోడ్డు మీద చూపు నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు.

చిన్నోడి మధ్యాహ్నం నిద్రకి సరిగ్గా ఘాట్ కలిసేలా ఫ్లైట్ ఎంచుకున్నాం. నిద్రపోయే పిల్లాడికి తిప్పదు. డ్రైవర్‌తో మెట్టుపాళయంలోనే చెప్పేశాం, "అన్నా, తొందరేం లేదు, ఐదు మలుపులకోసారి ఆపు" అని. కోయంబత్తూరు డ్రైవర్లలో కొంతమందికి తెలుగు కొంచెం అర్థమవుతుంది. అర్థం కాకపోయినా కడుపు మీద చెయ్యి తిప్పి చూపిస్తే ఏ భాషవాళ్ళకైనా తెలుస్తుంది.

అయినా వాంతి వస్తే? నీలగిరుల్లో ప్లాస్టిక్ కవర్లకి, ఒకసారి వాడి పారేసే నీళ్ళ సీసాలకి నిషేధం. మూత బిగువుగా పట్టే పెద్ద ఐస్‌క్రీం డబ్బా ఒకటి కడిగి తీసుకెళ్ళండి. అడుగున నాలుగు టిష్యూలు, పైన ఒక పాత తువ్వాలు. ఇది సూట్‌కేసులో కాదు, మీ కాళ్ళ దగ్గర ఉండాలి. దాంతో పాటు ఒక జత బట్టలు పిల్లకి, ఒక చొక్కానో కుర్తానో మీకూ. మనకి కూడా మార్చుకునే బట్టలు కావాలన్న సంగతి అందరూ మర్చిపోతారు. సగం కోసిన నిమ్మకాయ వాసన మా అత్తమ్మ మందు, పనిచేసినట్టే అనిపించింది.

మందు వేయాలా అన్నది మీ పిల్లల డాక్టర్ చెప్పాలి, బరువు చూసి చెప్తారు. నిద్రమత్తు తెచ్చే ప్రోమెథజైన్ లాంటి మందులు రెండేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వకూడదు. పక్కింటి వాళ్ళు చెప్పారని వేయకండి.

7. సంచి

బట్టల గురించి ఒక లెక్క. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంది, కూనూరు అంతకన్నా 1,300 మీటర్లు పైన. అంటే ఎత్తు వల్లే ఎనిమిది డిగ్రీలు తేడా. మబ్బు, గాలి దాని మీద. కానీ మధ్యాహ్నం ఎండలో స్వెటర్ ఉక్కపోస్తుంది. కాబట్టి ఒక లావు జాకెట్ కాకుండా పొరలు: లోపల కాటన్ బనియన్, పైన ఫుల్ చేతుల చొక్కా, దాని పైన స్వెటర్. రాత్రికి సాక్సులు, మంకీ క్యాప్. పిల్ల మొహం ఎర్రబడితే ఒక పొర తీయండి. చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడొద్దు, మెడ వెనక ముట్టుకుని చూడండి. ఎత్తుకి పోయేకొద్దీ ఎండ చల్లగా తోచినా చర్మాన్ని ఎక్కువ మాడుస్తుంది, టోపీ మర్చిపోకండి.

బట్టలు అక్కడ ఆరవు. ఆ తేమకి పిల్లాడి నిక్కరు రెండు రోజులైనా చల్లగానే ఉంటుంది. రోజుకి మూడు జతల లెక్క వేసుకోండి.

స్ట్రోలర్ ఇంట్లో వదిలేయండి. అంతా ఎగుడుదిగుడే. నడుముకి కట్టుకునే బేబీ క్యారియర్ ఒకటి చాలు. స్టీలు సీసాలు మనిషికొకటి.

మందుల డబ్బాలో థర్మామీటర్, సెలైన్ ముక్కు చుక్కలు, పారాసిటమాల్, ఓఆర్ఎస్, రోజూ వాడే మందులు. పారాసిటమాల్ విషయంలో ఒక జాగ్రత్త: చుక్కల మందు మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్ ఐదు మిల్లీలీటర్లకి 120 లేదా 125, ఇంకోటి 250. కొత్త ఊళ్ళో మెడికల్ షాపులో అదే పేరుతో వేరే బలం సీసా చేతికొస్తే, ఇంట్లో అలవాటైన కొలతే పోసేస్తాం. అలవాటైన సీసానే తీసుకెళ్ళండి, డాక్టర్ రాసిన డోసు దాని మీదే అంటించండి.

ఓఆర్ఎస్ అంటే నీళ్ళలో కలుపుకునే పొడి. చక్కెర నిండిన డబ్బా డ్రింకుల మీద ఆ పేరు వేసి అమ్మడం మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అలా వాడొద్దని తేల్చింది. లీటరుకి కలిపే పొట్లమా, 200 మిల్లీలీటర్లదా అని చూసి, ఆ కొలతకే కలపండి.

కూనూరులో ప్రభుత్వ లాలీ ఆసుపత్రి ఉంది. బసకి చేరిన రోజే దానికి దారి, పిల్లల డాక్టర్ ఎక్కడున్నారు అన్నవి హోమ్‌స్టే వాళ్ళని అడిగి రాసుకోండి.

8. తిండి

మొదటి రోజు రాత్రే వంటమనిషితో మాట్లాడండి. తమిళం రానక్కర్లేదు. "కారం వేండాం" అంటే కారం వద్దు, "సుడు తణ్ణి" అంటే వేణ్ణీళ్ళు, "తయిర్ సాదం" అంటే పెరుగన్నం. ఈ మూడు మాటలతో మేం నాలుగు రోజులు బతికాం. రసం అన్నం, నెయ్యి, అప్పడం దొరికితే మన పిల్లలకి ఇంకేం కావాలి.

ఇంటి నుంచి పప్పుల పొడి, చిన్న సీసాలో నెయ్యి, మరమరాలు, చంటిపిల్లకి వేయించి కొట్టిన ఉగ్గు పిండి పట్టుకెళ్ళండి. బుల్లి ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకెళ్దామనుకుంటే గదిలో వాడనిస్తారా అని ముందే అడగాలి. పెద్దవాళ్ళ కోసం ఆవకాయ. దాన్ని మూడు కవర్లలో చుట్టి, చేతి సంచిలో కాక చెక్-ఇన్ పెట్టెలో వేయండి.

బేకరీల్లో వర్కీ అమ్ముతారు, పొరలు పొరలుగా ఉండే కరకర బిస్కట్. టీలో ముంచుకోవాలి. పిల్లలకి ఇస్తే మాత్రం కారు సీటంతా పొడి.

9. నాలుగు రోజులు ఎలా గడపాలి

మొదటి రోజు ఏమీ లేదు. చేరడమే పని. పెట్టెలు విప్పి, ఇంటి దుప్పటి పరిచి, వేణ్ణీళ్ళు పోసి, ఏడున్నరకి పడుకోబెట్టండి.

రెండో రోజు సిమ్స్ పార్క్. 1874లో మొదలైన తోట, కొండ వాలులో గిన్నెలా దిగుతుంది. అదే కిటుకు: పిల్లలు కిందికి పరిగెత్తుకుంటూ దిగిపోతారు, పైకి మాత్రం మీరు మోయాలి. తొమ్మిదిన్నరకల్లా వెళ్ళి పదకొండున్నరకి బయటపడండి. రుద్రాక్ష చెట్టు ఉందక్కడ, మా అత్తమ్మ దాని కింద అరగంట కూర్చుంది. చిన్నోడు పువ్వుల వంక కూడా చూడలేదు. ఎండుటాకులు ఏరి వాళ్ళ నాన్న జేబులో కూరుతూ ఉన్నాడు. కూరనిచ్చాం. ఆ పక్కనే పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్, 1907లో పెట్టారు. మన పిల్లలకి వేసే డీపీటీ లాంటి టీకాలు తయారయ్యే చోటు. లోపల చూడ్డానికేమీ లేదు, గేటు చూపించి "నీ సూది ఇక్కడ్నుంచే వచ్చిందేమో" అంటే పెద్దది దూరం జరిగింది.

మధ్యాహ్నం అన్నం, నిద్ర. సాయంత్రం బస ముందు పచ్చిక. అంతే.

మూడో రోజు కొండ రైలు. మెట్టుపాళయం నుంచి ఊటీ దాకా మొత్తం 46 కిలోమీటర్లు ఎక్కాలని పెద్దవాళ్ళకి ఉంటుంది. వద్దు. దాదాపు ఐదు గంటలు, ఇరుకు సీట్లు, పెట్టెలో టాయిలెట్ ఉండదు. కూనూరు నుంచి ఊటీ గంటా పావు, పిల్లల ఓపిక సరిగ్గా అంతే. కానీ స్టేషన్‌కి ముప్పావుగంట ముందే వెళ్ళండి, ఎందుకంటే అసలు సినిమా ప్లాట్‌ఫాం మీదే. మెట్టుపాళయం నుంచి వచ్చే బండి పదిన్నర ప్రాంతంలో ఆవిరి కక్కుకుంటూ వస్తుంది. దారిలో కల్లార్ అనే స్టేషన్ నుంచి కూనూరు దాకా ఏటవాలు ఎక్కువ, పన్నెండు అడుగులకి ఒక అడుగు చొప్పున లేస్తుంది. మామూలు చక్రాలు జారిపోతాయి. అందుకే పట్టాల మధ్యలో పళ్ళున్న కడ్డీ, ఇంజన్ కింద పళ్ళ చక్రం. జిప్పు పళ్ళలా ఒకదాన్నొకటి పట్టుకుని ఎక్కుతాయి. స్వెటర్ జిప్పు లాగి చూపిస్తే ఆరేళ్ళ పిల్లకి అర్థమైపోయింది. కూనూరులో ఆవిరి ఇంజన్ తీసి డీజిల్‌ది తగిలిస్తారు. ఆవిరి చప్పుడుకి చిన్నోడు ముందు ఏడ్చాడు, తర్వాత నా మెడ వదలకుండానే "మళ్ళీ" అన్నాడు. దారి 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా పడింది. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇవన్నీ తాతయ్యలకి చెప్పండి, పిల్లలకి జిప్పు చాలు.

ఊటీలో దిగాక ఏడు పాయింట్లు చూపిస్తామని చుట్టుముడతారు. ఎవరికీ జవాబివ్వకుండా భోజనం చేసి, టాక్సీలో ముప్పావుగంటలో వెనక్కి వచ్చేయండి. నిద్ర కారులోనే అయిపోతుంది.

నాలుగో రోజు టీ తోట. ఫ్యాక్టరీలో ఆకు నలిగే వాసన, వేడి, మిషన్ల రొద ఉంటాయి. పావుగంటకి మించి పిల్లలు నిలవరు. తోటలో దారి వెంట నడవడమే బాగుంటుంది. లాంబ్స్ రాక్, డాల్ఫిన్స్ నోస్ అనే వ్యూ పాయింట్లు రెండూ ఒకే దారిలో ఉన్నా ఒకటే చూడండి, పొద్దున్నే వెళ్ళండి. పది దాటితే మబ్బు కమ్మి తెల్ల గోడ తప్ప ఏమీ కనపడకపోవచ్చు. కోతులుంటాయి, పిల్లల చేతిలో తినేది ఉంచకండి. వానలు పడ్డ రోజుల్లో గడ్డిలోకి దిగితే జలగలు, సాక్సులు ప్యాంటు పైకి లాగండి. పట్టుకుంటే పీకకుండా ఉప్పు చల్లండి, రాలిపోతుంది.

ఒకరోజు వాన పట్టి కదలనివ్వకపోతే ఆ రోజు చోటు పోయినట్టే, మర్నాటికి రెండు చేయకండి. మాకు నాలుగో రోజు పొద్దున అలాగే పట్టింది. కిటికీ అద్దం మీద ఆవిరికి పెద్దది వేలితో అఆలు రాసింది, చిన్నోడు నాకాడు. టీ తోటకి మధ్యాహ్నం రెండు గంటలే మిగిలాయి. చాలాయి.

10. తిరుగు ప్రయాణం

దిగేటప్పుడు కూడా తిప్పుతుంది, ఐస్‌క్రీం డబ్బా పెట్టెలో సర్దేయకండి. సీజన్‌లో ఎక్కే వాహనాలకి కూనూరు దారి, దిగేవాటికి కోటగిరి దారి అని వన్‌వే పెడుతుంటారు. ముందు రోజు రాత్రి హోమ్‌స్టే వాళ్ళని అడిగి, గంట ముందు బయలుదేరండి. ఫ్లైట్ సాయంత్రానిదైతే మేలు. మెట్టుపాళయం దిగాక పెరుగన్నం పెట్టండి.

బడి సోమవారమైతే ఇల్లు చేరేది శనివారం కావాలి. ఆదివారం ఉతుకుడికి, ముక్కు కారితే ఆవిరి పట్టడానికి. వెళ్ళేముందే పక్కింటావిడకి తాళం చెవి ఇచ్చి, శనివారం పొద్దున ఒక పాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టి, కాస్త తోడు కూడా వేసి ఉంచమనండి. మేం వర్కీ ప్యాకెట్లు రెండు ఆవిడకే తెచ్చాం.